ఎడమవైపు కిటికీ

ఆమదాలవలసలో బండెక్కి
నాగావళి వంతెన చప్పుడు మొదలవగానే
దాలినాయుడు భుజం మీది తువ్వాలు తీసేవాడు.
బల్ల మీద ఒక కాలు మడిచి ఎదురెదురు తిరిగితే
మధ్యలో తువ్వాలు,
దాని మీద పదమూడేసి ముక్కలు.

విజయనగరంలో బీకాం మూడేళ్లే.
రమ్మీ మాత్రం ఉద్యోగాలొచ్చినా వదల్లేదు.
అతను తాలూకాఫీసు, నేను కోఆపరేటివ్ బ్యాంకు,
ఇద్దరికీ సీజన్ టికెట్లు,
ఇద్దరికీ అదే పాసింజరు.

పొందూరులో నూలు మూటలు ఎక్కేలోపు
అతనికి సీక్వెన్సు పడిపోయేది.
నేను సిగడాం దాకా ఆఠీన్ రాణికి ఎదురుచూసేవాణ్ని.
బాతువలో క్రాసింగుకి బండాగితే
ఇక ముక్క వెయ్యడు.
చెవి వెనక బీడీ సవరిస్తాడు, గేదెల్ని చూస్తాడు,
సిగ్నల్ పడ్డాక
నాకు పనికిరాని ముక్క చూసి మరీ పడేస్తాడు,
దొంగ వెధవ.

దొంగ అన్నాను కదా.
ఆ మాట కాసేపు పక్కన పెడతాను.

ఫైనలియరు ఆఖరి వారం అతనే అన్నాడు:
"ఈయాల గెలిసినోడికి కిటికీ సీటు.
ఈ బండెక్కినన్నాళ్లూ. మాట తప్పకూడదు."
మా దగ్గర పందెం కాయడానికి
అంతకన్నా విలువైంది ఏదీ లేదు.

చీపురుపల్లిలో మరమరాల పొట్లానికి దిగాడు.
కట్టలో పైనే ఉంది జోకరు,
గంటల టోపీ పెట్టుకుని పళ్లికిలిస్తూ.
తీసి చొక్కా జేబులో, హాల్ టికెట్ వెనక దాచాను.
గరివిడి పొగగొట్టాలు చూశాయి.
నెల్లిమర్ల జూట్ మిల్లు వాసన లోపలికొస్తుంటే
షో, అన్నాను.
అతని చేతినిండా బొమ్మలే. ఫుల్ కౌంటు. ఎనభై.
ఒక్క మాట అనలేదు.
లేచి నన్ను కిటికీ వైపు జరగమన్నాడు.

మర్నాటి నుంచి కొత్త అలవాటు:
పంచేముందు పేక లెక్కపెట్టడం.
బొటనవేలు తడి చేసుకుని
యాభై మూడూ, పెదాలు కదలకుండా.
తాలూకాఫీసు బుద్ధి అనుకున్నాను.
ముప్పై రెండేళ్లు అలా అనుకోవడానికి
చాలా తెలివితక్కువతనం కావాలి.
లేకపోతే చాలా తెలివి.

లెక్కల పుస్తకాలు ఏడు నిండాయి.
చిత్రమేమిటంటే
పొద్దుటి బండిలో ఎప్పుడూ ఇద్దరం సరిసమానం.
సాయంత్రం బండిలో, అందులోనూ చలికాలం,
అతనికి నా చేతిలో ముక్కలన్నీ
నా నుదుటి మీద అచ్చేసినట్టు కనబడేవి.

రిటైరయ్యాక నెలకోసారి
ఆట కోసమే టికెట్ తీస్తున్నాం, రానూ పోనూ.
మొన్న మార్గశిరంలో తిరుగు బండి,
దూసి దాటింది, వంతెన వస్తోంది.
చప్పుడులో సగం వినబడదులే అన్న ధైర్యంతో
"దాలీ, ఆ రోజు జోకరు నా జేబులో..." అన్నాను.

లెక్క ఆపలేదు.
నలభై ఎనిమిది. నలభై తొమ్మిది.
"నాకు తెల్దేటి, ఎర్రోడా."
యాభై.
"కిటికీ గెలిసినావు. గెలిసి
దానికి ఈపెట్టి కూకున్నావు ముప్పయ్యేళ్లు.
నీ బుజం మీంచి పొలాలన్నీ నానే సూసినాను.
సీకటి పడితే పొలాలుండవు కదా."
యాభై ఒకటి.
"సీకటి పడితే నీ ముక్కలు."

వెనక్కి తిరిగాను.
దించిన కిటికీ అద్దంలో
దీపం కింద ఒక బట్టతల, ఒక ముసలి చెవి,
కొంచెం పక్కగా నా చెయ్యి,
అందులో పట్టుకోవడానికి ఇంకా ఏమీ లేదు.
అద్దం అవతల ఎక్కడో నది.

"ఓరి దొంగ" అన్నాను.
"ఎవుడ్రా?" అన్నాడు.

ఇద్దరం నవ్వడం ఆపేసరికి
లెక్క తప్పింది.
వేలు తడి చేసుకుని మళ్లీ మొదలెట్టాడు,
ఒకటి, రెండు.
నేను లేచి
చెక్క షట్టరు కిందికి లాగాను.